శిశువు నోటికి నచ్చేదీ, నచ్చనిదీ

తినమన్నది తినడు, తినవద్దన్నది క్షణంలో నోట పెట్టుకుంటాడు. పసిబిడ్డ ఉన్న ప్రతి ఇంటా వినవచ్చే ఈ ఫిర్యాదు మా ఇంటిలోనూ వినిపించింది. ఎనిమిది నెలల మా అబ్బాయి మెంతికూర పప్పు కలిపిన మెత్తని అన్నాన్ని ఉమ్మివేసి, మా చేతిలోని పరీక్షపత్రం అంచును ఎంతో ప్రీతితో చప్పరించాడు. ఇది కేవలం మొండితనమా, లేక ఇందులో ఒక క్రమమున్నదా?

మొదట నిరాకరణను పరిశీలిద్దాం. 1970 దశకంలో జెరూసలేములో జాకబ్ స్టైనర్ అనే పరిశోధకుడు, ఇంకా పాలు త్రాగని నవజాత శిశువుల నాలుకపై వేర్వేరు రుచుల బొట్లు వేసి చూశారు. తీపికి ముఖం విప్పారింది. పులుపుకు పెదవులు ముడుచుకున్నాయి. చేదుకు వెలిగ్రక్కే ప్రయత్నం కనబడింది. పాలు తియ్యన, ప్రకృతిలోని విషాలు అనేకం చేదు. కనుక ఈ వివేకం పుట్టుకతో వచ్చినదే. పాలు మాన్పించదలచిన తల్లి రొమ్ముకు వేపాకు రసం పూయడంలోని ఆంతర్యమూ ఇదే.

మరి కాగితం మాటేమిటి? చేతివ్రేళ్లకు ఇంకా నేర్పు కుదరని వయస్సులో, వస్తువు మెత్తనిదో గట్టిదో, నున్ననిదో గరుకైనదో తెలిపేవి పెదవులు, నాలుకలే. నోటితోనే శిశువు లోకాన్ని చదువుకుంటాడు.

అమెరికాలో డాక్టర్ క్లారా డేవిస్ అప్పుడే పాలు మానుతున్న 15 మంది శిశువులకు, 34 రకాల సహజాహారాలనుంచి ఇచ్ఛానుసారం ఎన్నుకునే స్వేచ్ఛనిచ్చారు. దాదులు బ్రతిమాలలేదు, బలవంతపెట్టలేదు. పిల్లలు తొలినాళ్లలో చెంచాలను, పళ్లెం అంచులను, కాగితాన్ని సైతం నమిలి చూశారు. పిమ్మట ఎవరికి నచ్చినవి వారు తిని ఆరోగ్యంగా పెరిగారు. అయితే ఆ పట్టికలో పంచదార లేదు, డబ్బా ఆహారం లేదు. కిటుకంతా పట్టికలోనే ఉన్నదని 1939లో ప్రకటించిన వ్యాసంలో ఆమే అంగీకరించారు.

ఇక్కడే పెద్దల బాధ్యత మొదలవుతుంది. చేదును ఎరిగిన నాలుక గడియారపు బిళ్ల బ్యాటరీని ఎరుగదు; అది గొంతులో చిక్కితే రెండు గంటలలోనే అన్నవాహికను కాల్చగలదు. వేరుశనగ పలుకు, చింతగింజ శ్వాసనాళానికి అడ్డుపడగలవు. శీతల పానీయపు సీసాలో పోసిన కిరోసిన్ పసివానికి పానీయమే. ఏడాది నిండని బిడ్డకు తేనె సైతం ప్రమాదమే. అందులో ఉండగల సూక్ష్మజీవి బీజాలు బాట్యులిజం అనే తీవ్రవ్యాధిని కలిగించగలవు.

పుట్టిన బిడ్డకు తేనె నాకించే ఆచారం మతభేదం లేకుండా మన ఇండ్లలో ఉన్నది. మా తల్లిగారూ చెంచాతో సిద్ధపడ్డారు. వైద్యురాలు వారించగా ఆమె నొచ్చుకున్నారు. ఆమెకు నచ్చజెప్పడం మాకు ఏ పాఠం చెప్పడంకన్నా కష్టమైనది. ఏడాది నిండిన పిమ్మట ఆ తేనె ఆమె చేతులమీదుగానే నాకించాము. వాడు తేనెను నాకి, చెంచాను మాత్రం విడువలేదు.

మెంతికూరను మాత్రం మేము మానలేదు. బలవంతపెట్టక, ఎనిమిది పది పర్యాయాలు కొద్దికొద్దిగా రుచి చూపితే పిల్లలు అనేకులు క్రొత్త రుచిని అంగీకరిస్తారు. అలవాటైతే వేపాకూ తియ్యనవుతుందన్న వేమన అనుభవం వృథాపోదు. తినడమా, మానడమా అన్నది శిశువు ఇష్టం. చేతికందేచోట ఏముంచాలన్నది మన వివేకం. చిన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు గల విద్యార్థులు నేటి సాయంకాలమే ఇంటి నేలను ఒకసారి పరికించి చూతురుగాక!