ఊరందరి గడియారం

విజయనగరంలో ఎవరికైనా దారి చెప్పాలంటే మాట గంటస్తంభం దగ్గరే మొదలవుతుంది. 'గంటస్తంభం కాడ దిగి ఎవర్నడిగినా చెబుతారు' అంటే చాలు, ఊరికి కొత్తవాళ్లు కూడా తప్పిపోరు. బట్టలు కొనాలన్నా, పెళ్లి సామాను కావాలన్నా అడుగులు అటే పడతాయి. ఆ సందడి మధ్య తలెత్తి స్తంభాన్ని చూసేవాళ్లు మాత్రం తక్కువ!

దీన్ని 1885లో కట్టారు. అప్పటికి సంస్థానాన్ని ఏలుతున్నది ఆనంద గజపతి రాజు. ఎనిమిది పలకల కట్టడం. ఎత్తు 68 అడుగులు. అయిన ఖర్చు 5,400 రూపాయలు! లండన్ గడియార స్తంభం నమూనాలో కట్టారని చెబుతారు.

దీని వయసు తెలియాలంటే చిన్న లెక్క వేయాలి. విజయనగరం మున్సిపాలిటీ ఏర్పడింది 1888లో. అంటే గంటస్తంభం దానికన్నా మూడేళ్లు పెద్దది. గురజాడవారి 'కన్యాశుల్కం' ఈ ఊళ్లో తొలిసారి ప్రదర్శించిన 1892 నాటికి దీనికి ఏడేళ్లు. అంతెందుకు... మన దేశమంతటికీ ఒకే టైము వచ్చిందే 1906లో! అంతకుముందు రైళ్లు మద్రాసు టైము ప్రకారం నడిచేవి. ఆ టైముకూ ఇప్పటి టైముకూ సుమారు తొమ్మిది నిమిషాల తేడా. ఇక సూర్యుణ్ని బట్టి లెక్కిస్తే విజయనగరంలో మధ్యాహ్నం ఇప్పటి గడియారం కన్నా మూడున్నర నిమిషాలు ముందే అవుతుంది. చేతి గడియారం అంటే ఏమిటో సామాన్యుడికి తెలియని ఆ రోజుల్లో, షావుకారుకీ కూలీకీ ఒకే టైము చూపించింది బజారులోని ఈ స్తంభమే.

కట్టినప్పుడు ఇది తెల్లని ఇసుకరాతి కట్టడం. తర్వాతి కాలంలో మీగడరంగు, ఎరుపు రంగులు పూశారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఇసుకరాయికి సన్నని రంధ్రాలుంటాయి. వాన తడిని పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. గాలి చొరబడని రంగు పూస్తే తడి లోపలే చిక్కుకుపోతుంది. మెల్లగా రాయి పొరలు పొరలుగా ఊడుతుంది. అందం కోసం చేసిన పనే ఆయుష్షు తగ్గించవచ్చన్నమాట.

పాతవాటి విలువ పోయాకే తెలుస్తుందని ఈ ఊరికి ఒకరు చెప్పనక్కర్లేదు. పైడితల్లి అమ్మవారి గుడి దగ్గర తరతరాలుగా నిలిచిన మూడు లాంతర్ల స్తంభాన్ని 2020లో తొలగించినప్పుడు ఎంత గొడవ జరిగిందో చాలామందికి గుర్తే. ఊరి గుర్తు పోయిందని జనం బాధపడ్డారు.

ఇప్పుడు టైము చూడ్డానికి ఎవరూ బజారుకు వెళ్లనక్కర్లేదు, జేబులో ఫోనుంది. కానీ అమ్మమ్మ చెప్పే 'గంటస్తంభం దగ్గర' అన్న గుర్తు మనవలకూ మిగలాలంటే, ఈసారి రంగు డబ్బాలు తెప్పించే ముందు రాతి కట్టడాలు తెలిసిన నిపుణుణ్ని ఒక్కసారి పిలిపిస్తే మంచిది.