బచ్చలింటికి ఏ బాయిలరు మేలు?



కార్తీకం దాటిందంటే మన కోలారు, హోసూరు ప్రాంతాల్లో తెల్లవారుజామున చన్నీళ్ళు ముట్టుకోలేం. వెనుక బచ్చలింట్లో కాగు, దాని కింద పొయ్యి ఉండేవి. తరువాత పొగగొట్టమున్న రాగి బాయిలరు వచ్చింది. ఇప్పుడు కరెంటు, గ్యాసు, సౌరశక్తి మూడూ అందుబాటులో ఉన్నాయి. ఏది కొనాలి?

ముందు మన అవసరం లెక్క వేద్దాం. నలుగురున్న ఇంట్లో మనిషికి 20 లీటర్ల బకెట్టు చొప్పున 80 లీటర్లు కావాలి. 20 డిగ్రీల నీళ్ళను 42 డిగ్రీలకు కాచడానికి సుమారు 2 యూనిట్ల కరెంటు పడుతుంది. ఏ కంపెనీ గీజరైనా ఇంతకు తగ్గదు. తేడా అంతా కాగిన వేడిని నిలుపుకోవడంలోనే ఉంది. అందుకే స్టార్ గుర్తులు ఎక్కువున్నది చూసి కొనాలి. 25 లీటర్ల గీజరులో 60 డిగ్రీలకు కాగిన నీళ్ళకు చన్నీళ్ళు కలిపితే ఇంచుమించు రెండు బకెట్లవుతాయి. దానికి 16 ఆంపియర్ల ప్లగ్గు, సరైన ఎర్తు తప్పనిసరి.

మనకు ఎండ ధారాళం కనుక సోలారు లాభమే. అయితే బోరు నీళ్ళలో సున్నం ఎక్కువైతే సన్నని రాగి గొట్టాలు పూడుకుపోతాయి. అటువంటి చోట గాజు గొట్టాల రకం మేలు. ముసురు రోజులకు వేరే ఏర్పాటు ఉండాలి.

ఇక గ్యాసు గీజరు. నిమిషంలో వేడినీళ్ళిస్తుంది. కాని మంటకు గాలి కావాలి. మూసిన గదిలో గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తల తిరుగుతుంది, ఆపైన స్పృహ తప్పుతుంది. లోపల గడియ వేసి ఉంటుంది కనుక బయటివారికి తెలియదు. పాత బచ్చలికి పెంకుల సందులుండేవి. ఇప్పటిది టైల్సు వేసిన పెట్టె. పైగా చలిగాలి వస్తుందని కిటికీకి అట్టముక్క అడ్డం పెడతాం. ఆ అట్టముక్కే ప్రాణం తీయగలదు.

కనుక గ్యాసు గీజరును బచ్చలి బయట, గాలి ఆడే చోట బిగించి, గొట్టం ద్వారా నీళ్ళు మాత్రమే లోపలికి తెచ్చుకోండి. మూసిన బచ్చలిలో బొగ్గుల కుంపటికీ ఇదే ప్రమాదం. ఎవరైనా లోపల పడిపోతే తలుపు తెరిచి, వెంటనే బయటి గాలికి తెచ్చి, ఆసుపత్రికి చేర్చండి.

గీజరుతో ఇచ్చే కాగితం కన్నడంలో ఉన్నా, తమిళంలో ఉన్నా, బడికెళ్ళే పిల్లలచేత చదివించుకుని ఇంటిల్లిపాదీ వినండి. బిగించే మనిషి వచ్చిన రోజే ఆ పని చేయండి.