సిగ్నల్ లేని చేలో ఫోను తెగులును ఎలా గుర్తుపడుతుంది?

ఆకు ఫొటో తీస్తే తెగులు పేరు చెప్పే యాప్‌లు వచ్చాయి. వాటిలో చాలావాటికి ఇంటర్నెట్ ఎందుకు కావాలి? సిగ్నల్ అందని టమోటా చేలోనూ పనిచేసేలా వాటిని ఎలా మలచాలి? కలికిరి, మదనపల్లె వైపు టమోటా పండించే ఇళ్లలో పుట్టి ఇంజనీరింగు చదువుతున్న పిల్లలు తప్పక అడగవలసిన ప్రశ్నలివి. కలికిరిలోనే 2013 నుంచి జేఎన్‌టీయూ ఇంజనీరింగు కాలేజీ ఉంది కాబట్టి జవాబును కాస్త విడమరిచి చూద్దాం.

ఈ యాప్‌ల వెనక పనిచేసే న్యూరల్ నెట్‌వర్క్ లోపల జరిగేది చాలామటుకు గుణకారాలూ కూడికలే. ఫొటోలో ప్రతి చుక్కా కొన్ని అంకెలు. శిక్షణలో నేర్చుకున్న అంకెలతో వాటిని గుణించి, వచ్చినవాటిని కూడి, తర్వాతి పొరకు అందిస్తారు. అలా నేర్చుకున్న అంకెలను వెయిట్లు అంటారు. 2014లో వచ్చిన వీజీజీ-16 అనే నెట్‌వర్క్‌లో ఇవి సుమారు 13.8 కోట్లు. ఒక్కోదానికి 4 బైట్ల చొప్పున 552 మెగాబైట్లు. ఒక్క ఫొటోకు దాదాపు 1,550 కోట్ల గుణకారాలు చెయ్యాలి. మామూలు ఫోనుకు భారమైన పని కనుక, యాప్ మన ఫొటోను ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటరుకు పంపి జవాబు తెప్పిస్తుంది.

అయితే ఖర్చంతా గుణకారాలదే అనుకుంటే పొరపాటు. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు మార్క్ హోరోవిట్జ్ 2014లో ఇచ్చిన లెక్కలు చూడండి. 45 నానోమీటర్ల చిప్‌లో 32 బిట్ల దశాంశ గుణకారానికి 3.7 పికోజౌళ్ల శక్తి చాలు. అదే పరిమాణంలోని అంకెను చిప్ బయటి మెమరీ నుంచి తేవడానికి సుమారు 640 కావాలి. చిటికెడు ఉప్పు కోసం ప్రతిసారీ కలికిరి నుంచి మదనపల్లె వెళ్లిరావడం లాంటిది ఇది. కూర కలపడానికి పట్టేది నిమిషమే, దారిఖర్చే తడిసి మోపెడవుతుంది. అందుకే ఈ రంగంలో పొదుపంటే ముందుగా అంకెల రవాణా తగ్గించడమే.

ఎలా తగ్గిస్తారు? అంకెను చిన్నది చెయ్యడం ఒక దారి. 32 బిట్ల వెయిట్‌ను 8 బిట్లకు కుదిస్తే మెమరీ నాలుగో వంతుకు దిగుతుంది, 8 బిట్ల పూర్ణాంక గుణకారానికి శక్తి కూడా 0.2 పికోజౌళ్లే. జాగ్రత్తగా చేస్తే కచ్చితత్వం పెద్దగా పడిపోదు. పనికిరాని వెయిట్లను తీసెయ్యడం మరో దారి. 1989లోనే యాన్ లెకూన్ బృందం ఈ మార్గం చూపింది. 2015లో సాంగ్ హాన్ బృందం ఈ రెంటినీ మరికొన్ని మెళకువలతో కలిపి, కచ్చితత్వం తగ్గకుండానే వీజీజీ-16ను 552 నుంచి 11.3 మెగాబైట్లకు దించింది.

ఇక్కడ మన హైదరాబాదు ట్రిపుల్ ఐటీ చేసిన పని నాకు అన్నిటికన్నా బాగా నచ్చింది. మామూలుగా నెట్‌వర్క్ మొత్తానికి శిక్షణ ఇచ్చాకే అనవసరమైన వెయిట్లను, అంటే పొరల్లోని బిందువులను కలిపే తీగలను, కత్తిరిస్తారు. శిక్షణ ఖర్చు అప్పటికే అయిపోయి ఉంటుంది. అమేయ ప్రభు, గిరీష్ వర్మ, అనూప్ నంబూదిరి 2018లో ఐరోపా కంప్యూటర్ విజన్ సదస్సుకు ఇచ్చిన పత్రంలో, తీగలు తక్కువగా ఉన్న అమరికను శిక్షణకు ముందే ఖాయం చేశారు. అందుకు ఎక్స్‌పాండర్ గ్రాఫులను వాడారు.

ఒక పొరలో 1,000 బిందువులు, పక్క పొరలో 1,000 ఉన్నాయనుకోండి. అన్నిటినీ అన్నిటికీ కలిపితే 10 లక్షల తీగలు. ఒక్కోదానికి పదే ఇస్తే 10 వేలు. మరి సమాచారం తెగిపోదా? తీగలు బాగా చెదిరి ఉంటే తెగదు. ఒక బిందువు సమాచారం మొదటి పొరలో పదికి, రెండో పొరలో వందకు, మూడో పొరలో వెయ్యికి చేరుతుంది. దారులు కొన్ని ఒకచోటికే చేరినా మరో పొరతో సరిపోతుంది. తీగలు తక్కువైనా ఎక్కడినుంచైనా ఎక్కడికైనా కొద్ది అడుగుల్లోనే దారి ఉండడమే ఎక్స్‌పాండర్ గుణం.

ఇంకో చిక్కుంది. చిప్‌లు అంకెలను గుంపులుగా తెచ్చుకుంటాయి. తీసేసిన వెయిట్ల స్థానంలో ఉండే సున్నాలు ఇష్టమొచ్చిన చోట చెదిరి ఉంటే కాగితం మీద తగ్గినంత పని ఫోనులో తగ్గదు. అదే సంస్థలో ధర్మతేజ వూటూరి, గిరీష్ వర్మ, కిశోర్ కొత్తపల్లి 2020లో రామానుజన్ గ్రాఫుల లబ్ధాలతో సున్నాలు దిమ్మెలుగా పడే అమరికలు చూపించారు. ఎక్స్‌పాండర్లలో రామానుజన్ గ్రాఫులు మేటివి. శ్రీనివాస రామానుజన్ ఊహ ఆధారంగా 1988లో నిర్మించినవి కనుక వీటికి ఆ పేరు వచ్చింది.

ఇంత పొదుపు చేసినా చేలో నెగ్గాలంటే మరొకటి కావాలి. 2016లో మొహంతి, హ్యూజ్, సలాతే 14 పంటల ఆకుల ఫొటోలు 54,306 తీసుకుని నెట్‌వర్క్‌కు తెగుళ్లు నేర్పితే 99.35 శాతం సరిగ్గా చెప్పింది. వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలు ఇస్తే 31 శాతానికి పడిపోయింది. శిక్షణ ఫొటోలు సాదా నేపథ్యంలో ఒక్కో ఆకును విడిగా పెట్టి తీసినవి. మన చేలో దుమ్ము ఉంటుంది, ఎర్రటి ఎండ ఉంటుంది, ఒకే మొక్కకు ఆకుమచ్చా ఆకుముడతా రెండూ ఉంటాయి.

అందుకే కలికిరి, మదనపల్లె, పుంగనూరు, కుప్పం విద్యార్థులకు నా మనవి. ఫొటోలు మీ చేలల్లోనే తీయండి, తెగులు పేరు వ్యవసాయాధికారి చేత సరిచూపించండి. నెట్‌వర్క్‌ను 8 బిట్లకు కుదించాక మొత్తం సగటు ఒక్కటే చూసి సంతోషపడకండి, తెగులు వారీగా ఎన్ని తప్పుతున్నాయో లెక్కపెట్టండి. అరుదైన తెగులు దగ్గర పడిన దెబ్బ సగటులో కనబడదు. చివరి పరీక్ష మాత్రం మీ నాన్న వాడే ఫోనులోనే, డేటా ఆపేసి, చేను మధ్యలో పెట్టండి.