హాస్పిస్ రాసే లెక్కలు మన ఇంటికి ఎందుకు ముఖ్యం?

గనిలో పనిచేసి రిటైరైన మన పెద్దల్లో కొందరికి చివరి రోజుల్లో డాక్టర్లు చెప్పేది ఒకటే: "ఇక వైద్యం లేదు, నొప్పి లేకుండా చూసుకోండి." అలా చూసుకునే చోటే హాస్పిస్. అక్కడ అడిగే కాగితాలు చూసి, "సేవకు కూడా ఇన్ని రూల్సా?" అని మన సాస్తి కుటుంబాలవారు సంఘంలో అడుగుతున్నారు. హాస్పిస్ ప్రభుత్వానికి పంపే లెక్కల్లో మూడింటి గురించి మనకూ తెలియాలి.

మొదటిది మార్ఫిన్ లెక్క. 1985 నాటి మత్తుమందుల చట్టం కింద ఈ మందు ఉంచుకోవడానికి ఒకప్పుడు నాలుగైదు లైసెన్సులు కావలసి వచ్చేవి. 2014 సవరణ, 2015 నిబంధనల తర్వాత రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి ఇచ్చే గుర్తింపు ఒక్కటి చాలు. అయితే ఎంత మందు వచ్చింది, ఎవరికి ఎంత ఇచ్చారు, ఎంత మిగిలింది అన్నది రాసి ఉంచాలి, ఏటా రాష్ట్రానికి తెలపాలి. గుర్తింపు పోతే నొప్పితో ఉన్నవారికి మాత్ర దొరకదు. అందుకే ఇంట్లో మిగిలిన మాత్రలు ఇంకొకరికి ఇవ్వకండి, హాస్పిస్‌కే తిరిగి అప్పగించండి.

రెండవది వ్యర్థాల లెక్క. 2016 నిబంధనల ప్రకారం ఏటా జూన్ 30లోగా కాలుష్య నియంత్రణ మండలికి నివేదిక వెళ్లాలి. ఇంటికి వచ్చే నర్సు వాడిన సూదులను చెత్తబుట్టలో వేయకుండా ఆమెకే ఇవ్వండి.

మూడవది మరణ నివేదిక. 1969 చట్టం ప్రకారం హాస్పిస్‌లో మరణిస్తే 21 రోజుల్లోగా అక్కడి రిజిస్ట్రార్‌కు తెలపవలసింది ఆ సంస్థ బాధ్యుడే. ఇంట్లో పోతే ఆ బాధ్యత ఇంటి పెద్దది. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది. నాగ్‌పూర్‌లో పోయినవారి సర్టిఫికెట్ కోసం సాస్తి గ్రామపంచాయతీకి తిరిగి లాభం లేదు.

ఇక్కడ మనవాళ్లకు అసలు చిక్కు పేరుతో వస్తుంది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. మరాఠీ పద్ధతిలో తండ్రి పేరు మధ్యలో, ఇంటిపేరు చివర వస్తాయి. గని రికార్డులో ఒకలా, ఆధార్‌లో ఒకలా, మరణ పత్రంలో ఇంకోలా ఉంటే 1998 బొగ్గు గనుల పింఛను పథకం కింద భార్యకు రావలసిన పింఛను ఆగిపోవచ్చు.

కాబట్టి చేర్చిన రోజే ఆధార్, పింఛను పత్రం నకళ్లు ఇవ్వండి. మరణ నివేదిక పంపే ముందు పేరు, అక్షరాలు ఒకసారి చూపించమని అడగండి. తేడా కనిపిస్తే కాగితాలు తీసుకొని సంఘానికి రండి. కూర్చుని చూద్దాం.