యుద్ధకాల వైమానికుని జీవితం, కుటుంబం: రికార్డుల ఆధారంగా అన్వేషణ – నెల్లూరు తీరం దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: రెండవ ప్రపంచయుద్ధంలో వైమానిక దళంలో పనిచేసిన తెలుగువారి జీవితాలను, కుటుంబాలను రికార్డుల ద్వారా పునర్నిర్మించడంలో ఎదురయ్యే సమస్యలను ఈ వ్యాసం వివరిస్తుంది. ఇంటిపేర్లు, ఊరిపేర్లు ఆంగ్ల లిపిలో పొందిన మార్పులను, మృతుల స్మారక చిహ్నాల అమరికను, అధికారులకూ సామాన్య సిబ్బందికీ మధ్య రికార్డులలో కనిపించే వ్యత్యాసాన్ని చర్చిస్తుంది. ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రిస్ హసన్ లతీఫ్ జీవితం ఇందుకు ప్రధాన ఉదాహరణ.

కీలకపదాలు: వైమానిక దళం, రెండవ ప్రపంచయుద్ధం, వంశచరిత్ర, ముత్తుకూరు, ఇంటిపేరు, ఇద్రిస్ లతీఫ్.

1. ప్రవేశిక

భారత వైమానిక దళం 1932 అక్టోబరు 8న ఏర్పడింది. మరుసటి ఏడాది ఏప్రిల్ 1న మొదటి స్క్వాడ్రన్ నాలుగు వాపిటి విమానాలతో ప్రారంభమైంది. యుద్ధం ముగిసేనాటికి దళంలో సుమారు 28,500 మంది ఉండగా, వారిలో అధికారులు 1,600 మంది మాత్రమే. అంటే ఒక్కొక్క అధికారి వెనుక పదహారు, పదిహేడు మంది సామాన్య సిబ్బంది ఉన్నారు. ఇంజను విప్పి బిగించినవారు, తుపాకులకు తూటాలు నింపినవారు, వైర్‌లెస్ సందేశాలు అందుకున్నవారు, వంటవారు, గుమాస్తాలు వారే. మనకు లభించే చరిత్రలో పేర్లతో కనిపించేవారు మాత్రం దాదాపుగా ఆ 1,600 మందే. ఈ వ్యాసానికి ప్రేరణ ఈ అసమానతే.

నెల్లూరు తీరానికి యుద్ధం దూరపు వార్త కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. ఆ నెలలోనే వేలాది మంది మద్రాసు నగరాన్ని విడిచివెళ్లారు. మద్రాసుకు సమీపంలోని రెడ్‌హిల్స్ చెరువు నుంచి కాటలీనా పడవవిమానాలు బంగాళాఖాతంపై గస్తీ తిరిగాయి. కృష్ణపట్నం, ముత్తుకూరు తీరం ఆ స్థావరానికి ఉత్తరంగా ఉన్నది. ఇటువంటి ఊరిలో ఒక కుటుంబం తమ పూర్వీకుడొకరు ‘ఎయిర్‌ఫోర్సులో పనిచేశాడట’ అని చెప్పినప్పుడు, ఆ ‘అట’ను ఆధారంగా మార్చడానికి పరిశోధకుడు ఏ దారిన వెళ్లాలి?

2. పేరుతో మొదలయ్యే చిక్కు

మొదటి అవరోధం పేరే. తెలుగువారి పేరులో ఇంటిపేరు ముందుంటుంది. ఆంగ్ల పద్ధతిలో వంశనామం చివర ఉంటుంది. దాంతో సైనిక గుమాస్తా పేరులోని చివరి మాటను ఇంటిపేరుగా గ్రహించి సూచికలో చేర్చాడు. వెంకటసుబ్బారెడ్డి ‘రెడ్డి’ కింద, సుబ్బారావు ‘రావు’ కింద, రామానాయుడు ‘నాయుడు’ కింద చేరిపోయారు. అసలు ఇంటిపేరు ఒకే ఒక పొడి అక్షరంగా మిగిలింది. మన కుటుంబాలను విడదీసి చూపే ఏకైక గుర్తు ఆ అక్షరంలో దాగిపోయింది. రెడ్డి, రావు అనే సూచికలలో వందల పేర్లు దొరుకుతాయి. వారిలో మనవాడెవరో ఆ సూచిక చెప్పదు.

ఊరిపేరు సంగతీ అంతే. ఆంగ్ల లిపిలో త, ట రెండింటికీ ఒకటే అక్షరం. ద్విత్వం ఒకచోట నిలుస్తుంది, మరొకచోట పోతుంది. నెల్లూరు జిల్లా ముత్తుకూరు, పల్నాడులోని ముటుకూరు ఆ లిపిలో ఇంచుమించు ఒకే రూపం పొందుతాయి. జిల్లా పేరు చూడకుండా ఊరిపేరును బట్టి నిర్ణయిస్తే ఒక వంశాన్ని మరో వంశానికి అంటగట్టినవారమవుతాము. విశాఖపట్నం, కాకినాడ, విజయవాడలకు ఆనాటి వైజాగపటం, కొకనాడ, బెజవాడ రూపాలలోనూ వెదకాలి.

కనుక పేరుకన్నా సేవాసంఖ్య నమ్మదగినది. భారత వైమానిక దళ అధికారుల సంఖ్యలకు ముందు ‘ఐ.ఎన్.డి.’ అనే అక్షరాలుండేవి. పాత ఉత్తరం వెనుకనో, పతకం అంచుననో, పింఛను కాగితంలోనో ఆ సంఖ్య దొరికితే అన్వేషణ సగం పూర్తయినట్లే. దొరకకపోతే తండ్రిపేరు, ఊరు, జిల్లా, వృత్తివిభాగం – ఈ నాలుగింటిలో కనీసం మూడు సరిపోలేవరకు ఏ రికార్డునూ ‘మనదే’ అని అనరాదని నా అభిప్రాయం.

పేరు తప్పు పడటం తెలుగువారికే పరిమితం కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ దళాలలో విమానం నడిపిన బొంబాయి యువకుడు వెలింకర్ 1918 జూన్ 30న మరణించాడు. శత్రువులు అతని సమాధిపై వ్రాసిన పేరు వికృతమైనందున, ఆ సమాధి అతనిదేనని తేలేది యుద్ధానంతర విచారణలోనే.

3. ‘హైదరాబాదు’ అనే పేరు కలిగించే భ్రాంతి

బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్సులోని 110, 152, 253 స్క్వాడ్రన్లకు హైదరాబాదు పేరు ఉన్నది. ఆ పేరు చూసి వాటిలో తెలంగాణ యువకులు పనిచేశారని ఊహించడం సహజమే గాని సరికాదు. నిజాం ఇచ్చిన ధనసహాయానికి గుర్తుగా ఆ పేర్లు వచ్చాయి. మొదటి యుద్ధకాలంలో 110వ స్క్వాడ్రన్ విమానాలకు సొమ్ము సమకూర్చినది ఆయనే. 152వ స్క్వాడ్రన్ చిహ్నంలో నిజాం శిరోవేష్టనం కనిపిస్తుంది. విశ్వాసపాత్రుడైన మిత్రుడు అని అర్థమిచ్చే దాని నినాదం ఆయన బిరుదునుంచి వచ్చినది. ధనం ఇక్కడిది, నడిపినవారు అక్కడివారు.

4. ఇద్రిస్ హసన్ లతీఫ్: సమృద్ధమైన ఆధారాలు గల ఉదాహరణ

లతీఫ్ 1923 జూన్ 9న హైదరాబాదులో జన్మించారు. 1942 జనవరిలో వైమానిక దళంలో అధికారిగా నియమితులయ్యారు. తొలుత కరాచీలో తీరరక్షణ విభాగంలో వాపిటి, ఆడాక్స్, హార్ట్ వంటి పాతకాలపు విమానాలపై జలాంతర్గాముల కోసం గస్తీ తిరిగారు. 1943–44లో బ్రిటన్‌కు పంపిన కొద్దిమంది భారతీయ పైలట్లలో ఆయన ఒకరు. హరికేన్, స్పిట్‌ఫైర్ విమానాలలో శిక్షణ పొంది తిరిగివచ్చి బర్మా యుద్ధంలో పాల్గొన్నారు.

ఈ ఐదు వాక్యాల వెనుక వేర్వేరు రకాల రికార్డులు ఉన్నాయి. నియామక తేదీని గెజిట్ చెబుతుంది. ఏ రోజు ఎవరు ఏ విమానంలో ఎగిరారో తెలుసుకోవడానికి స్క్వాడ్రన్ దినచర్య పుస్తకం ఆధారం. దానిలో ఫారం 540 రోజువారీ సంఘటనల సంగ్రహం, ఫారం 541 ఒక్కొక్క ప్రయాణం వివరం. రాయల్ ఎయిర్‌ఫోర్సు స్క్వాడ్రన్ల పుస్తకాలు లండన్ సమీపంలోని క్యూ జాతీయ పత్రాగారంలో ‘ఎయిర్ 27’ అనే వరుసలో ఉన్నాయి. దళం మొత్తం కదలికను తెలుసుకోవడానికి బిశేశ్వర్ ప్రసాద్ ప్రధాన సంపాదకత్వంలోని అధికారిక చరిత్రలో వైమానిక దళానికి సంబంధించిన సంపుటం ఉపకరిస్తుంది.

కుటుంబ విషయాలు మాత్రం వీటిలో దేనిలోనూ లేవు. లతీఫ్ భార్య బిల్కీస్ లతీఫ్ రచయిత్రి కావడం పరిశోధకుని అదృష్టం. ఆమె తండ్రి అలీ యావర్ జంగ్, తల్లి ఫ్రెంచి వనిత. తల్లి జీవితాన్ని బిల్కీస్ ‘హర్ ఇండియా’ అనే గ్రంథంగా రచించారు. దేశవిభజన సమయంలో పాకిస్తాన్ దళంలో చేరమని మిత్రులు అస్గర్ ఖాన్, నూర్ ఖాన్ కోరినా లతీఫ్ భారతదేశాన్నే ఎన్నుకున్నారు. ఆ ఇద్దరూ తరువాత పాకిస్తాన్ వైమానిక దళాధిపతులయ్యారు. లతీఫ్ 1978లో భారత వైమానిక దళాధిపతి అయ్యారు. ఇటువంటి నిర్ణయాలు దినచర్య పుస్తకానికి ఎక్కవు. మిత్రుల, బంధువుల జ్ఞాపకాల ద్వారానే మనకు చేరుతాయి. లతీఫ్ 2018లో హైదరాబాదులో మరణించారు.

అదే స్క్వాడ్రన్‌లో ఆయన విమానాన్ని సిద్ధం చేసిన మెకానిక్ సంగతి వేరు. దినచర్య పుస్తకంలో ఎగిరినవారి పేర్లుంటాయి. నేలపై ఉన్నవారు సాధారణంగా ‘సిబ్బంది’ అనే ఒక్క మాటలో ఇమిడిపోతారు. వారి కోసం న్యూఢిల్లీలోని వైమానిక దళ రికార్డు కార్యాలయాన్ని ఆశ్రయించాలి. అక్కడ సేవాసంఖ్య ఎంత ముఖ్యమో వేరుగా చెప్పనక్కరలేదు.

5. మృతుల జాడ

యుద్ధంలో మరణించినవారి విషయంలో కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం జాబితా ప్రథమ ఆధారం. ఈ జాబితా 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు జరిగిన మరణాలను గ్రహిస్తుంది. యుద్ధం ముగిశాక జబ్బుతో మరణించిన ఉద్యోగి కూడ అందులో ఉండవచ్చు. కుటుంబం ‘యుద్ధంలో పోలేదు’ అన్నంతమాత్రాన ఈ జాబితాను వదలరాదు.

సమాధి ఉన్నచోటే మరణించాడని భావించడం తరచు జరిగే పొరపాటు. మద్రాసు నందంబాక్కంలోని యుద్ధ సమాధుల స్థలం 1952లో ఏర్పడింది. శాశ్వత సంరక్షణకు అవకాశంలేని దక్షిణ, తూర్పు భారత శ్మశానవాటికల నుంచి సమాధులను అక్కడికి తరలించారు. అందువల్ల ఎక్కడో కోస్తాలో మరణించినవాని సమాధి నందంబాక్కంలో కనిపించవచ్చు. మరొక పొరపాటు హిందువుల విషయంలో జరుగుతుంది. దహనం చేసినవారికి సమాధి ఉండదు. వారి పేర్లను స్మారక ఫలకాలలోనే వెదకాలి. బర్మాలో గల్లంతైన వైమానికుని కోసం రంగూన్ స్మారకాన్ని చూడడం కూడ వృథాప్రయాసే. అది పదాతి, ఫిరంగి మొదలైన భూసేనలది. ఆగ్నేయాసియాలో ఆనవాలు దొరకని వైమానికుల పేర్లు 24,000కు పైబడిన ఇతర పేర్లతోపాటు సింగపూరు క్రాంజీలోని స్మారకంపై చెక్కబడ్డాయి. సముద్రంలో కూలిపోయినవారికి అక్కడి పేరే సమాధి.

6. ఊరివైపు తిరిగి

కుటుంబాన్ని తెలుసుకోవడానికి ఢిల్లీ, లండన్లకన్నా ఊరే మేలైన చోటు. మద్రాసు రాజధానిలో 1899 నాటి చట్టం ప్రకారం గ్రామాలలో జనన మరణాల రిజిస్టర్లు ఉండేవి. అయితే పుట్టినప్పటికి బిడ్డకు పేరు పెట్టకపోవడంవల్ల ఆ గడి చాలచోట్ల ఖాళీగా ఉంటుంది. తండ్రిపేరే దారి చూపాలి. సాంకేతిక విభాగాలలో చేరినవారు కొంత చదువుకున్నవారు కనుక పాఠశాల ప్రవేశ రిజిస్టరు ఉపకరిస్తుంది. దానిలోని పుట్టినతేదీ చాలాసార్లు ఉపాధ్యాయుడు ఊహించి వ్రాసినది. సైనిక రికార్డులోని తేదీ దానికి నకలు. ఈ రెండూ ఒకటైనందున తేదీ నిర్ధారణ అయిందనుకోరాదు. క్రైస్తవ కుటుంబాలకు బాప్తిస్మ రిజిస్టర్లు ఉన్నాయి. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840 నుంచే పనిచేసింది.

స్త్రీల పేర్లు ఈ రికార్డులలో అత్యంత దుర్లభం. సైనికుని తల్లి, భార్య పేర్లు కనిపించేది ప్రధానంగా సమాధుల సంఘం వివరాలలో, పింఛను కాగితాలలో. సంఘం ఆ వివరాలను యుద్ధానంతరం సమీప బంధువులకు ఫారాలు పంపి సేకరించింది. ఫారం ఆంగ్లంలో వచ్చినప్పుడు చదివి పెట్టగలవారు ఊరిలో లేకపోయినా, చిరునామా ముత్తుకూరుకు బదులు మరో ఊరుగా పడినా జవాబు వెళ్లదు. జవాబు రాని చోట పేరు, సంఖ్య, మరణించిన తేదీ మాత్రమే ముద్రించారు. అటువంటి పేరు ఎదురైనప్పుడు నేను మొదట ఆ జిల్లా పింఛను రిజిస్టరును, తరువాత ఊరిలోని భూమి దాఖలాలను చూస్తాను. వితంతువు పేరున మారిన పట్టా ఒక్కటి దొరికినా, జాబితాలో ఖాళీగా ఉన్న భార్య పేరు అక్కడ దొరుకుతుంది.