పెరటి కూర ఎవరిది?

వసంతం వచ్చిందని తెలుసుకోవడానికి నస్పూరు క్వార్టర్లలో పంచాంగం తెరవనక్కరలేదు. ప్రహరీగోడల మీద వేపపూత రాలుతుంది. చలికాలమంతా కాచిన చిక్కుడుపాదుకు పేనుబంక పడుతుంది. ఇల్లాలు దానిని పీకివేసి, అదే పందిరి కింద బీర, కాకర గింజలు పెడుతుంది. మొదటి షిఫ్టు ముగించుకొని వచ్చిన గృహస్థు చొక్కా విప్పకముందే నీళ్ళపైపు పట్టుకొని మళ్ళ దగ్గర నిలబడతాడు. పగలంతా భూగర్భంలో గడిపి వచ్చిన కంటికి పచ్చని ఆకు ఎంత హాయి కలిగిస్తుందో, గనిలోకి ఎన్నడూ దిగని నావంటివాడు ఊహించుకోవలసిందే.

నిరుడు ఉగాదికి పది పన్నెండు రోజుల ముందు ఒక గృహిణి తన కోడలితో కలిసి మా ఇంటికి వచ్చారు. ఆమె భర్త శ్రీరాంపూర్ ఏరియాలోని ఒక గనిలో పనిచేస్తున్నారు. ఆ వేసవిలో పదవీవిరమణ. సింగరేణిలో 61 ఏళ్ళు నిండితే ఉద్యోగంతోపాటు క్వార్టరును కూడా వదలవలసి ఉంటుంది. ఆమె తెచ్చిన సంచిలో లేత మునక్కాయలు, ఒక కట్ట పుంటికూర ఉన్నాయి. వాటిని అరుగుమీద పెట్టి ఇలా అడిగారు:

“పంతులుగారూ, జాగ కంపెనీది. ఇరవై రెండేండ్ల సంది పండించుకొని తిన్నం, దేవునికి పెట్టినం. మాది కాని జాగల పండింది దేవునికి పెడితే అది మా లెక్కకు వస్తదా? ఇగ పోయేటప్పుడు చెట్లు పీక్కపోవాల్నా, ఇడిచిపెట్టాల్నా?”

ఆనాడు నాకు తోచినంత చెప్పి పంపినాను. అయితే ఈ ప్రశ్న ఆమె ఒక్కరిది కాదు. క్వార్టర్లలో ఉన్నవారు, అద్దె ఇళ్ళలో ఉన్నవారు, బదిలీల మీద తిరిగేవారు ఎందరో మన దేవాలయానికి వస్తూ ఉంటారు. అందుచేత శాస్త్రం ఏమంటున్నదో కొంచెం వివరంగా వ్రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకు దగ్గరగా వచ్చే విచారణ పూర్వమీమాంసలో ఒకటి ఉన్నది. విశ్వజిత్తు అనే యాగంలో యజమాని తన సర్వస్వాన్ని దక్షిణగా ఇవ్వవలెను. మరి ఆ యాగం చేసేవాడు రాజైతే భూమిని మొత్తం ఇచ్చివేయవచ్చునా? జైమిని మహర్షి ఆరవ అధ్యాయం ఏడవ పాదంలో ఈ సందేహాన్ని తీసుకొని, ఇవ్వరాదని నిర్ణయించాడు. భూమి అందరికీ సమానమైనది కావడమే ఆయన చెప్పిన హేతువు. దున్నుకొనేవానికీ, నడిచేవానికీ, రాజుకూ దాని మీద ఉన్న సంబంధం ఒక్కటే. రాజు రక్షకుడు, భాగం తీసుకొనేవాడు, అంతే. అదే పాదంలో తల్లిదండ్రులను కూడా దక్షిణగా ఇవ్వరాదని తేల్చారు. తల్లిదండ్రులు మనవారే, కానీ మన సొత్తు కారు. ఈ రెండు నిర్ణయాలూ పక్కపక్కనే ఉండడం నాకు ఎప్పుడు చదివినా ముచ్చటగా ఉంటుంది.

సింగరేణిలో 51 శాతం వాటా తెలంగాణ ప్రభుత్వానిది, 49 శాతం కేంద్ర ప్రభుత్వానిది. ఏ ఒక్కరిదీ కాని సొత్తు ఇక్కడ మనకు కొత్త సంగతి కాదు.

నేల సంగతి అది. మరి దానిలో పండిన కూర మాటేమిటి? మనువు తొమ్మిదవ అధ్యాయంలో ఒక పాత నానుడిని చెబుతాడు. మోడులు నరికి చదును చేసినవానిదే పొలము, మొదట బాణం తగిలించినవానిదే లేడి. (ఈ మాట పట్టుకొని క్వార్టరు ఖాళీ చేయమని ఎవరూ వాదనకు దిగవద్దు. అక్కడ చెల్లేది కంపెనీ నియమమే.) దీనికన్నా మనకు ఉపయోగపడే మాట విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో చెప్పాడు. ఈయన మన జహీరాబాదు దాటితే వచ్చే కల్యాణి నగరంలో, చాళుక్యుల కాలంలో ఉన్నవాడు. ఒక వస్తువు ‘నాది’ అనే భావం శాస్త్రం చదివితే పుట్టేది కాదు, లోకవ్యవహారం వల్ల తెలిసేది అని ఆయన సిద్ధాంతం. శాస్త్రం ఒక్క ముక్క తెలియనివారు కూడా కొనడం, అమ్మడం, ఇచ్చిపుచ్చుకోవడం తప్పులేకుండా చేస్తున్నారు కదా అని ఆయన చూపించాడు. ఇక్కడి లోకవ్యవహారం ఏమిటి? పెరట్లో కూర వేసుకోవద్దని ఎవరూ అనలేదు. ఆ బీరకాయ ఎవరిదని వీధిలో ఏ పిల్లవాడిని అడిగినా ఆ ఇల్లాలి పేరే చెబుతాడు. కనుక కూర ఆమెదే. దానిని నివేదిస్తే ఆ ఫలం ఆమె లెక్కకే వస్తుంది.

ఇంతలో కోడలు అందుకొని, “బొగ్గు దుమ్ము పడ్డ కూర, గిన్నెలు కడిగిన నీళ్ళతో పెరిగిన కూర దేవునికి పనికివస్తదా?” అని అడిగింది. మంచి ప్రశ్నే. మనుస్మృతి అయిదవ అధ్యాయంలో ద్రవ్యశుద్ధి ప్రకరణం ఉన్నది. ధాన్యం పెద్దరాశి అయితే నీళ్ళు చల్లితే చాలు, కొద్దిగా ఉంటే కడగవలెను. కూరలకు, దుంపలకు, పండ్లకు ధాన్యానికి చెప్పిన శుద్ధే వర్తిస్తుంది. ఇంటి కూర ఎప్పుడూ కొద్దిదే కనుక కడగడం తప్పనిసరి. దుమ్ము కడిగితే పోతుంది. నేలకు కూడా అక్కడే శుద్ధి చెప్పారు: ఊడ్చడం, అలకడం, తడపడం, పైమట్టి గీకివేయడం, ఆవులను నిలపడం.

ఒక్క జాగ్రత్త మాత్రం ఈ ప్రాంతంలో చెప్పి తీరవలెను. కట్టెల బూడిద పాదులకు మంచిది, ఆకుల మీద చల్లితే పేనుబంక కొంత తగ్గుతుంది. అదే నమ్మకంతో కొందరు బొగ్గు బూడిదను మళ్ళలో పోస్తున్నారు. రెండూ ఒకటి కావు. బొగ్గు బూడిదలో ఒంటికి హాని చేసే లోహాలు ఉంటాయి. తినే మొక్కల దగ్గరికి దానిని రానివ్వకండి. సబ్బు నీళ్ళను అరటి, కొబ్బరి మొదళ్ళకు మళ్ళించండి. బియ్యం, పప్పు కడిగిన నీళ్ళు ఆకుకూరలకు పోయండి. వేకువనే ఆకుల మీద ఒకసారి నీళ్ళు చిలకరిస్తే దుమ్ము దిగి మొక్క తేరుకుంటుంది.

మొక్కలకు నీళ్ళు పోయడం గురించి వరాహమిహిరుడు ఆరవ శతాబ్దంలోనే చెప్పాడు. బృహత్సంహితలో వృక్షాయుర్వేదమని ఒక అధ్యాయం ఉన్నది. వేసవిలో ఉదయం, సాయంకాలం రెండు పూటలా, చలికాలంలో రోజు విడిచి రోజు, వానకాలంలో నేల ఎండినప్పుడు నీళ్ళు పోయమన్నాడు. 45 డిగ్రీల ఎండ కాసే మన మంచిర్యాల జిల్లాలో మధ్యాహ్నం పూట మళ్ళు తడిపేవారు దీనిని గమనించవలెను, ఆ నీరు సగం ఆవిరికే పోతుంది. గింజలను పాలలో నానబెట్టి, నేతి చేతితో నలిపి, పేడలో పొర్లించి, ధూపం వేసి నాటమని కూడా అన్నాడు. ఆయన చెప్పిన ధూపద్రవ్యం మన ఇళ్ళకు సరిపడదు, దానిని వదిలివేద్దాం. బెండ గింజలను రాత్రి నీళ్ళలో నానవేసి ఉదయం పెట్టడం మనవారు చేస్తున్న పనే. అన్నింటికన్నా నాకు నచ్చినది మరొకటి: తోట వేయదలచిన నేలను ముందు మెత్తబరచి నువ్వులు చల్లమన్నాడు. అవి పూతకు వచ్చినప్పుడు కోయకుండా అక్కడే తొక్కి మట్టిలో కలపమన్నాడు. పచ్చిరొట్ట ఎరువు అని ఈనాడు వ్యవసాయాధికారులు చెప్పేది ఇదే. సురపాలుడనే పండితుడు కూడా వృక్షాయుర్వేదమనే ప్రత్యేక గ్రంథం వ్రాశాడు. దాని ప్రతి ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో ఉండగా తెప్పించి, నళినీ సాధలే గారు అనువదించారు. 1996లో అది మన సికింద్రాబాదులోనే అచ్చయింది.

ఇక వసంతంలో ఏమి తినవలెనంటే, చరకుడి మాట ప్రకారం చలికాలంలో పేరుకున్న కఫం ఎండ వేడికి కరుగుతుంది, అందువల్ల జీర్ణశక్తి మందగిస్తుంది. బరువైనవి, పుల్లనివి, నూనె ఓడేవి, తీపి పదార్థాలు తగ్గించమన్నాడు, పగటినిద్ర వద్దన్నాడు. ఉగాది పచ్చడిలో వేపపువ్వు, ఆ నెలంతా కాకర, మునగ వంటింట్లోకి రావడం దీనికి అనుగుణంగానే ఉన్నది. శ్రీరామనవమికి వడపప్పులో కలిపే దోసకాయ కూడా పెరటిదైతే ఆ రుచే వేరు. పగటినిద్ర వద్దంటే రాత్రి షిఫ్టు వారి గతి ఏమిటని ఎవరైనా అడగవచ్చు. చరకుడు వారిని మరువలేదు. పనిచేసి అలసినవారికి, రాత్రి మేలుకొని డస్సినవారికి ఏ ఋతువులోనైనా పగటినిద్ర తగునని వేరొక చోట స్పష్టంగా చెప్పాడు. ఇంట్లో పిల్లలు ఆ వేళ అల్లరి చేయకుండా పెరట్లోకి పంపి, పాదులు తవ్వించడం మంచి ఉపాయం.

ఆమె రెండవ ప్రశ్న మిగిలింది. చెట్లు పీక్కుపోవాలా, విడిచిపెట్టాలా?

దీనికి సమాధానం చెప్పే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. సుమారు ముప్పై ఏళ్ళ క్రితం మేము ఒక అద్దె ఇంటిని ఖాళీ చేసినాము. యజమానితో మాటామాటా వచ్చింది. నేను నాటిన మల్లెపొద వారికి ఎందుకు దక్కవలెనని, వైశాఖమాసపు ఎండలో దానిని గడ్డపారతో పెకలించి, గోనెలో చుట్టి రిక్షాలో తీసుకొనిపోయినాను. వారం తిరగకముందే అది ఎండిపోయింది. నా భార్య అప్పుడు ఏమీ అనలేదు. తరువాత చాలా ఏళ్ళు మా ఇంట్లో మల్లె నాటుదామన్నా వద్దనేది.

మన ధర్మశాస్త్రాలలో ఇష్టము, పూర్తము అని రెండు విధాలైన పుణ్యకార్యాలు చెప్పారు. యజ్ఞాదులు ఇష్టము. బావులు, చెరువులు, దేవాలయాలు, అన్నదానము, తోటలు పూర్తము. ఈ దేవాలయానికి గదులు కట్టించినవారు, అన్నదానానికి ద్రవ్యమిచ్చినవారు చేసినది ఏ కోవలో ఉన్నదో, పెరట్లో మునగచెట్టు నాటిన ఇల్లాలు చేసినది కూడా అదే కోవలో ఉన్నది. మునగచెట్టుకు శిలాఫలకం వేయరు కనుక మనకు తట్టదు.

చెరువు తవ్వించినవారు, తోట వేసినవారు చివరకు ఉత్సర్గమనే కర్మ చేయవలెను. దానానికీ ఉత్సర్గానికీ భేదం ఉన్నది. దానంలో పుచ్చుకొనేవాడు ఒకడు ఎదురుగా ఉంటాడు. ఇచ్చిన తరువాత ఆ వస్తువు మీద దాతకు ఏ హక్కూ మిగలదు. ఉత్సర్గంలో పుచ్చుకొనేవాడంటూ ఎవడూ లేడు. సర్వప్రాణులకూ అని నీళ్ళు విడుస్తారు. ఆ సర్వప్రాణులలో విడిచినవాడు కూడా ఒకడు కనుక తాను తవ్వించిన చెరువులో తానూ స్నానం చేయవచ్చు. పదిహేడవ శతాబ్దంలో కాశీలో నీలకంఠభట్టు ఈ కర్మకోసమే ఉత్సర్గమయూఖమని వ్రాశాడు. పెద్ద తోటలకు హోమాదులు విధించారు గాని, పెరటి చెట్లకు అంత తంత్రం అక్కరలేదని నా అభిప్రాయం. మొదట్లో పసుపు, కుంకుమ, అక్షతలు వేసి, కాస్త బెల్లం ముక్క నివేదించి, ‘ఇది అందరిదీ’ అని చెంబుడు నీళ్ళు విడిస్తే సరిపోతుంది.

కాబట్టి చెట్లు అక్కడే ఉండనివ్వమని ఆమెకు చెప్పినాను. తీసుకొనిపోదగినవి తీసుకొనిపోవచ్చు. మునగకొమ్మ నరికి నాటితే ఎక్కడైనా చిగురిస్తుంది. కరివేపాకు మొదట్లో వచ్చిన పిలకను మట్టితో సహా తీసి కుండీలో పెట్టుకోవచ్చు. ముదిరిన బీరకాయ, గోకరకాయల గింజలను బూడిదలో కలిపి మూట కట్టుకోవచ్చు. తల్లిచెట్టు జోలికి మాత్రం పోవద్దన్నాను. “పందిరి వాసాలు?” అని అడిగారు. అవి కొన్నవే గదా, కావలిస్తే విప్పుకోండి అన్నాను. ఆమె కొంచెంసేపు ఆలోచించి, వాసాలు విప్పితే కాకరతీగ ఎక్కడ పాకుతుంది అన్నారు.

వైశాఖమాసంలో వారు ఇల్లు ఖాళీ చేసి కరీంనగరంలో ఉన్న కుమారుని వద్దకు వెళ్ళారు. పోయే ముందు కబురు చేస్తే నేను వెళ్ళి మునగచెట్టుకు, కరివేపచెట్టుకు నీళ్ళు విడిపించినాను. గృహస్థు ఆరోజు ఒక్క మాటా మాట్లాడలేదు, పైపు పట్టుకొని ప్రతి మొదట్లోనూ చాలాసేపు నిలబడ్డారు. ఆకుకూరల మళ్ళు ఖాళీగా ఉంటే ఆమె వాటిలో నువ్వులు చల్లారు.

జ్యేష్ఠంలో పనిమీద ఆ వీధికి వెళ్ళినప్పుడు గోడమీదుగా తొంగి చూసినాను. నువ్వులు తెల్లగా పూతకు వచ్చి ఉన్నాయి. తలుపుకు తాళమే ఉన్నది. క్వార్టరు ఇంకా ఎవరికీ కేటాయించలేదట. పక్కింటివారు గోడమీదుగా పైపు వేసి మళ్ళు తడుపుతున్నారు.