నెలలు నిండని బిడ్డలు - పాలపండ్లు

ఏడవనెల బిడ్డ బ్రతుకును గాని ఎనిమిదవనెల బిడ్డ బ్రతుకదను మాట మన పల్లెలలో నేటికిని వినవచ్చుచున్నది. అది సత్యము కాదు. గర్భమున గడపిన వారములు హెచ్చినకొలది బిడ్డకు బలము హెచ్చును. 37 వారములు నిండకముందు పుట్టినవారిని నెలలు నిండని బిడ్డలందురు. నేడు అట్టివారు పెక్కురు బ్రతికి బట్టకట్టుచున్నారు. వారి బరువును, చూపును, ఊపిరిని పెద్దలు శ్రద్ధతో కనిపెట్టుచుందురు. పండ్లను గూర్చి అడుగువారే తక్కువ.

కొల్లేటి లంకగ్రామమునుండి ఒక నాయనమ్మ రెండేండ్ల మనుమని మా వద్దకు తీసికొనివచ్చినది. పిల్లవాని పై ముందుపండ్లు గుంటలుపడి పచ్చబారియున్నవి. "మా కోడలు రాత్రిళ్లు తీపి పెట్టి పాడు చేసిందండీ" అని ఆమె ఫిర్యాదు. కోడలు తలవంచుకొని నిలుచున్నది. ఏ నెలలో పుట్టినాడని అడిగితిమి. "ఎనిమిదో నెలలోనేనండీ, నెల రోజులు అద్దాల పెట్టెలో ఉంచారు" అన్నది కోడలు. మాకు కావలసిన సమాధానము అదియే.

పంటిపై నుండు ఎనామెల్, అనగా పింగాణి పొర, మన దేహములో అన్నింటికంటె గట్టి పదార్థము. దానిలో నూటికి 96 పాళ్లు ఖనిజమే. పాలపండ్లకు ఈ పొర కట్టుట గర్భములో నాలుగవ నెలలోనే ఆరంభమగును. నెలలు నిండి పుట్టుసరికి పై ముందుపండ్ల పొర ఆరింట అయిదు వంతులు ఏర్పడియుండును. వెనుక దవడపండ్ల పని బిడ్డ పుట్టిన తరువాతను నెలల తరబడి సాగును. బిడ్డకు తల్లినుండి సున్నము, భాస్వరము విశేషముగా చేరునది కడపటి మూడు నెలలలోనే. ముందుగా పుట్టిన బిడ్డకు ఆ దినుసు అందవలసినంత అందదు. పైగా ఊపిరి అందకపోవుట, కామెర్లు, అంటురోగములు, పాలు త్రాగలేకపోవుట - ఇవన్నియు ఆ లేత పొర కట్టుచున్నపుడే వచ్చిపడును. ఊపిరికై నోటిద్వారా గొట్టము పెట్టవలసివచ్చినచో, దాని ఒత్తిడి చిగురు క్రింద పెరుగుచున్న పంటిమీదను పడవచ్చును. ప్రాణము నిలుపుటకు అది తప్పనిది, దానిని తప్పుపట్టరాదు.

తాడేపల్లిగూడెపు రైతునకు ఈ సంగతి వరిచేనిలో తెలిసినదే. గింజ పాలుపోసుకొనునపుడు గాలివాన కొట్టినచో అది తాలుపోవును. తరువాత ఎంత ఎరువు వేసినను ఆ గింజ నిండదు. పింగాణి పొరను కట్టు కణములు, పన్ను పైకి వచ్చులోగా నశించును. విరిగిన ఎముక అతుకును, చీలిన చర్మము మానును. ఈ పొర తిరిగి పుట్టదు. నెలలు నిండి పుట్టిన బిడ్డ పాలపంటిని కోసి సూక్ష్మదర్శినితో చూచినను, జననకాలపు గుర్తుగా ఒక సన్నని గీత కనబడును. నెలలు నిండనివారిలో ఆ గుర్తు కొన్నిసార్లు కంటికే కనబడునంతటి మచ్చయో, గుంటయో అగును.

మచ్చలన్నియు ఇట్టివి కావు. నెల్లూరు జిల్లాలో 1937లో వెల్లడియైన ఫ్లోరోసిస్ నీటిలో ఫ్లోరైడు మితిమీరుటవలన కలుగునది. అది ముఖ్యముగా శాశ్వత దంతములకు వచ్చును. ఇనుపధాతువు గల చుక్కల మందువలన ఏర్పడు నల్లచార పైపైదే, వైద్యుడు తుడిచివేయగలడు.

కోడలు తప్పేమియు లేదని నాయనమ్మకు చెప్పితిమి. ఆమె పూర్తిగా నమ్మినట్లు తోచలేదు. అయినను తీపి మాట కొట్టిపారవేయదగినది కాదు. పొర పలుచనైన పన్ను తక్కిన పండ్లకంటె త్వరగా పుచ్చును. చక్కెరపాల సీసా నోట ఉంచి నిద్రపుచ్చరాదు. మొదటి పన్ను కనబడిన నాటినుండి బియ్యపుగింజంత ఫ్లోరైడు పేస్టుతో పూటపూటకు తోమవలెను. ఏడాది నిండులోగా ఒకసారి దంతవైద్యునికి చూపవలెను. ఏలూరు చెంత దుగ్గిరాలలోను, భీమవరములోను దంతవైద్య కళాశాలలు కలవు. గుంటలను పూడ్చి కాపాడు పూతలున్నవి.

పండ్లు ఆలస్యముగా వచ్చినవని భయపడువారు పుట్టిననాటినుండి గాక, కాన్పు కావలసిన తేదీనుండి వయసు లెక్కింపవలెను. చాలమందికి ఆలస్యము తీరిపోవును. ఆరవయేట పాలపండ్లకు వెనుక మొలచు పెద్ద దవడపన్నును పలువురు పాలపన్నని ఉపేక్షింతురు. అది శాశ్వత దంతము. దాని పొర కట్టుట పుట్టుక వేళకే ఆరంభమగును గనుక ఈ మచ్చ దానిపైకిని రావచ్చును. ఆ యేడు పిల్లవానిని చూపుటకు వచ్చునపుడు, కాన్పునాటి ఆసుపత్రి కాగితమును వెంట తెమ్మని ఆ కోడలితో చెప్పి పంపితిమి.